మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్‌లో చేరాలా? ఫీజు కట్టే ముందు నాలుగు ప్రశ్నలు

(వాడరేవులో డిగ్రీ, ఇంజనీరింగ్, నర్సింగ్ విద్యార్థులు, వాళ్ల తల్లిదండ్రుల ముందు చేసిన ప్రసంగ పాఠం)



ఆదివారం పూట సముద్రాన్ని పక్కనే పెట్టుకుని, అలల్లో దిగకుండా ఈ పందిరి కింద కూర్చున్నారంటే మీ మనసుల్లో ఉన్న ప్రశ్న చిన్నది కాదని మాకు అర్థమైంది. తెనాలి నుంచి వచ్చారు, బాపట్ల నుంచి వచ్చారు, రేపల్లె నుంచి రెండు బస్సులు మారి వచ్చినవాళ్లూ ఉన్నారు. ఇందాక టీ తాగుతుంటే ఒక తల్లి మా దగ్గరకొచ్చి అడిగింది: "బాబూ, మా అమ్మాయి బీఎస్సీ అయిపోయింది. మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ అంట. ఇంట్లో కూర్చునే చేసుకోవచ్చంట. నలభై వేలు కట్టమంటున్నారు. కట్టమంటారా?"

ఈ రోజు మేం మాట్లాడబోయేదంతా ఆ తల్లికి జవాబే.

ముందు మేం ఎవరమో చెప్పాలి. తెనాలి, రేపల్లె, వేమూరు వైపు నుంచి 2000ల మొదట్లో హైదరాబాద్ పోయి, చెవులకు హెడ్‌ఫోన్ తగిలించుకుని బతికినవాళ్లం. మాలో పదకొండేళ్లు చేసినవాళ్లు ఉన్నారు. ఆరు నెలలకే తిరుగు రైలెక్కినవాళ్లు ఉన్నారు. ఫీజు కట్టి ఒక్క రోజు కూడా ఉద్యోగం చూడనివాళ్లూ ఉన్నారు. అందుకే ఇక్కడ "నేను" అనకుండా "మేం" అని మాట్లాడుతున్నాం. ఒకరి అనుభవం మాత్రమే చెబితే ఈ పని స్వర్గమని అనిపిస్తుంది, లేకపోతే నరకమని అనిపిస్తుంది. అందరిదీ కలిపి చెబితేనే నిజం.

టైపు ఇన్‌స్టిట్యూట్ నుంచి అమీర్‌పేట దాకా

మన ప్రాంతానికి ఈ కథ కొత్త కాదు. మీ తాతలనో, మేనమామలనో అడగండి. ఒకప్పుడు తెనాలిలో, బాపట్లలో సాయంత్రం పూట వీధిలో నడిస్తే టైపు మిషన్ల టకటకలు వినిపించేవి. లోయర్ పాసవ్వాలి, హయ్యర్ పాసవ్వాలి, షార్ట్‌హ్యాండ్ కూడా ఉంటే ఇక మద్రాసులోనో, బొంబాయిలోనో, హైదరాబాద్‌లోనో గుమస్తా కొలువు ఖాయం. ఎన్నో ఇళ్లు ఆ పదివేళ్ల మీద నిలబడ్డాయి. తర్వాత కంప్యూటరొచ్చింది. మిషన్లు ఇనప సామాన్ల కొట్టుకు పోయాయి. కానీ మిషన్లు పోయిన తర్వాత కూడా కొన్నాళ్లు ఆ ఇన్‌స్టిట్యూట్ల బోర్డులు వేలాడుతూనే ఉన్నాయి, ఫీజులు కట్టేవాళ్లు కడుతూనే ఉన్నారు. ఈ మాట గుర్తుంచుకోండి, చివర్లో దీని దగ్గరకే వస్తాం.

1990ల మధ్యలో బెంగళూరులో మెడికల్ ట్రాన్స్‌క్రిప్షన్ కంపెనీలు పని మొదలుపెట్టాయి. 1998 నవంబర్‌లో హైదరాబాద్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. ఆ రోజుల్లో ఏ పేపర్ తిరగేసినా ఐటీ, ఏ మంత్రి నోరు తెరిచినా ఐటీ. బీటెక్ చదివినవాళ్లకు సాఫ్ట్‌వేర్ ఉంది, మరి బీఏ, బీకాం, బీఎస్సీ, బీజెడ్‌సీ చదివినవాళ్ల సంగతేంటి? దానికి జవాబుగా ఈ కోర్సును మార్కెట్‌లోకి దించారు. "డిగ్రీ ఏదైనా పర్లేదు, ఇంగ్లిష్ వస్తే చాలు, అమెరికా డాలర్లు" అని గోడల మీద రాశారు.

మేం రాత్రి రేపల్లెలో డెల్టా ప్యాసింజర్ ఎక్కి, తెల్లారి హైదరాబాద్‌లో దిగి, మైత్రీవనం దగ్గర తలెత్తి ఆ బోర్డులు చూశాం. ఒకరింట్లో చీటీ ముందే పాడుకుని డబ్బిచ్చారు. ఒకరింట్లో ఈనిన గేదెను అమ్మారు. మేం చేరిన ఇన్‌స్టిట్యూట్‌లో "నూటికి నూరు శాతం ప్లేస్‌మెంట్" అన్నారు. ఆరు నెలల కోర్సు నాలుగో నెలలో ఉండగా ఒక సోమవారం పొద్దున వెళ్లేసరికి షట్టర్‌కు తాళం. మా బ్యాచ్‌లో ముప్పై నలుగురం. రసీదులు చేతిలో పట్టుకుని మెట్ల మీద కూర్చున్నాం. అలా మూతబడినది అదొక్కటే కాదు. అమెరికాలో డాట్‌కామ్ బుడగ పగిలిన ఆ 2000, 2001 సంవత్సరాల్లో చేతిలో పని లేకపోయినా శిక్షణ పేరుతో బతికిన చిన్న చిన్న సెంటర్లు చాలా చోట్ల తలుపులేసుకున్నాయి.

హాస్టల్ గదిలో మాతోపాటు నల్లగొండ కుర్రాడు, కరీంనగర్ కుర్రాడు ఉండేవాళ్లు. రాత్రిళ్లు రాష్ట్రం గురించి గొంతులు చించుకుని వాదించుకునేవాళ్లం. ఉద్యోగాలన్నీ ఒకే ఊళ్లో ఎందుకు పోగుపడ్డాయని వాళ్లూ అడిగేవాళ్లు, మేమూ అడిగేవాళ్లం. 2014 జూన్ 2న రెండు రాష్ట్రాలయ్యాయి. ఇవాళ్టికీ రేపల్లె పిల్ల ఉద్యోగం కోసం రాత్రి రైలే ఎక్కుతోంది. ఆ షట్టర్ ముందు మాత్రం మా ముప్పై నలుగురికీ ప్రాంతం లేదు. అందరి రసీదు ఒకటే, అందరి నష్టం ఒకటే.

చెవిలో అమెరికా

అసలు ఈ పనేమిటో తెలియకుండా మంచీ చెడూ మాట్లాడకూడదు. అమెరికాలో డాక్టర్ రోగిని చూశాక కేసు వివరాలన్నీ నోటితో చెప్పి రికార్డు చేస్తాడు. రోగి ఏ బాధతో వచ్చాడు, పరీక్షలో ఏం కనబడింది, ఏ ఆపరేషన్ చేశారు, ఏ మందు ఎంత మోతాదులో ఇచ్చారు, ఇంటికి పంపేటప్పుడు ఏం చెప్పారు. ఆ వాయిస్ ఫైల్ ఇంటర్నెట్‌లో మన దగ్గరకొస్తుంది. న్యూయార్క్ కంటే మనం తొమ్మిదిన్నర గంటలో, పదిన్నర గంటలో ముందుంటాం. అక్కడ డాక్టర్ సాయంత్రం చెప్పి ఇంటికెళ్లి పడుకుంటే, ఆయన మళ్లీ ఆసుపత్రికి వచ్చేసరికి రిపోర్టు సిద్ధం. ఈ వ్యాపారం మొత్తం ఆ గంటల తేడా మీద, రూపాయికీ డాలర్‌కూ ఉన్న తేడా మీద నిలబడింది.

మనం ఏం చేస్తాం? కాలి కింద ఫుట్ పెడల్. తొక్కితే మాట నడుస్తుంది, వదిలితే ఆగుతుంది, మడమ నొక్కితే వెనక్కి పోతుంది. చెవులతో వింటూ, చేతులతో టైపు చేస్తూ, కాలితో డాక్టర్ నోటిని ఆపుతూ నడిపించాలి. పక్కన స్టెడ్‌మన్స్ డిక్షనరీ, మందుల పేర్ల పుస్తకం. డాక్టర్ అమెరికావాడే అయి ఉండాలని లేదు. చైనా నుంచి వెళ్లినవాడు, నైజీరియా నుంచి వెళ్లినవాడు, మన గుంటూరు మెడికల్ కాలేజీలో చదివి వెళ్లినవాడు కూడా ఉంటాడు. ఒకడు నములుతూ చెబుతాడు. ఒకడు కారు నడుపుతూ చెబుతాడు. వెనక నుంచి అంబులెన్స్ మోత వస్తుంది. అర్థం కాని చోట ఊహించి రాయకూడదు. ఖాళీ వదిలేసి, గుర్తు పెట్టి, ఎడిటర్‌కు పంపాలి. ఈ పనిలో మొదటి నీతి అదే: తెలియనిది తెలియదని ఒప్పుకోవడం.

నేర్చుకున్న కొత్తలో పది నిమిషాల డిక్టేషన్‌కు మాకు గంటన్నర పట్టేది. ఏడాది తిరిగేసరికి గుండె, ఎముకలు, కిడ్నీ, కాన్పు, అన్ని విభాగాల భాష చెవికి పట్టేసింది. డాక్టర్ మాట పూర్తిచేయకముందే తర్వాత ఏం చెబుతాడో తెలిసేది. ఇది బుద్ధి లేని టైపింగ్ పని అని ఎవరైనా అంటే మేం ఒప్పుకోం. ఇంటర్‌లో బయాలజీ అంటే పారిపోయిన మాలో ఒకరు, ఇంట్లో నాన్నకు గుండెపోటు వచ్చినప్పుడు డాక్టర్ రాసిన కాగితం చదివి, అన్నదమ్ములకు అర్థమయ్యేలా చెప్పగలిగారు. ఆ చదువు ఈ పనే పెట్టింది.

ఎనిమిదా, ఎనభయ్యా?

ఈ పనిలో ఒక అక్షరం తప్పిపోతే ఏమవుతుంది? తెలుగులో "ఎనిమిది", "ఎనభై" దగ్గరదగ్గరగా ఉన్నట్టే ఇంగ్లిష్‌లో "ఎయిట్", "ఎయిటీ". అమెరికాలో అలబామా రాష్ట్రంలో 2008లో ఒక షుగర్ రోగి ఆసుపత్రి నుంచి మరో కేంద్రానికి మారింది. ఆమె డిశ్చార్జ్ సమ్మరీలో ఇన్సులిన్ 8 యూనిట్లు ఉండాల్సిన చోట 80 అని పడింది. ఆ కాగితం చూసి ఇంజెక్షన్ ఇచ్చారు. ఆమె చనిపోయింది. ఆ డిక్టేషన్ టైపైంది మన దేశంలో. 2012 డిసెంబర్‌లో అక్కడి జ్యూరీ ఆ కుటుంబానికి 14 కోట్ల డాలర్ల పరిహారం ఇవ్వాలని చెప్పింది.

ఆ తప్పు టైపు చేసిన వ్యక్తిది మాత్రమే అని మేం అనుకోవడం లేదు. రిపోర్టు తర్వాత ఎవరు సరిచూశారు? డాక్టర్ చదివి సంతకం చేశాడా? తక్కువ ధరకు పని కావాలని ఒక కంపెనీ మరో కంపెనీకి, అది ఇంకో కంపెనీకి ఇచ్చుకుంటూ పోతే మధ్యలో తనిఖీ ఎవరి బాధ్యత? కానీ ఆ వార్త విన్న రోజు మాలో ఎవరికీ అన్నం సయించలేదు. నైట్ షిఫ్ట్‌లో తెల్లవారుజామున నాలుగింటికి, కళ్లు మూతలు పడుతుంటే, మేం ఎన్ని ఎనిమిదులు, ఎన్ని ఎనభైలు టైపు చేశామో! పదిహేను, యాభై అనే అంకెలు ఇంగ్లిష్‌లో ఒకేలా వినిపిస్తాయి. బీపీ ఎక్కువ అనే మాటకూ తక్కువ అనే మాటకూ తేడా ఒక్క అక్షరం: హైపర్, హైపో. సెలెబ్రెక్స్ నొప్పుల మందు, సెలెక్సా దిగులుకు ఇచ్చే మందు, సెరెబిక్స్ మూర్ఛ మందు. హెడ్‌ఫోన్‌లో మూడూ అక్కచెల్లెళ్లలా పలుకుతాయి.

అందుకని చెబుతున్నాం. "ఇంట్లో కూర్చుని, వంట చేసుకుంటూ, ఖాళీ సమయంలో చేసుకునే పని" అని ఎవరు చెప్పినా నమ్మకండి. ఆ ఫైలు అవతల ఒక మనిషి ప్రాణం ఉంటుంది.

లైను మనది, లాభం ఎవరిది?

ఇక జీతం. ఈ పనిలో కొలమానం లైను. 65 అక్షరాలు, ఖాళీలతో కలిపి, ఒక లైను. లైనుకు ఇన్ని పైసలు అని లెక్క. ఉదాహరణకు లైనుకు యాభై పైసలు అనుకుందాం. రోజుకు ఐదు వందల లైన్లు చేస్తే రెండు వందల యాభై రూపాయలు. అందులో తప్పులకు కోత ఉంటుంది. 98 శాతం కంటే తగ్గితే ఇన్సెంటివ్ పోతుంది. ఫైళ్లు రాని రోజు లైన్లు లేవు, లైన్లు లేకపోతే డబ్బుల్లేవు. అమెరికాలో పండగొస్తే ఇక్కడ పస్తు. మగ్గం మీద గజాల లెక్కన కూలి తీసుకునే మన చీరాల నేతన్నకు ఈ లెక్క ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

మరి ఆసుపత్రి ఇచ్చే డబ్బు ఎక్కడికి పోతుంది? 2003 అక్టోబర్‌లో శాన్‌ఫ్రాన్సిస్కోలోని యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియా మెడికల్ సెంటర్‌కు ఒక ఈమెయిల్ వచ్చింది. పంపింది పాకిస్తాన్‌లోని కరాచీలో ట్రాన్స్‌క్రిప్షన్ చేసే ఒక మహిళ. తనకు రావాల్సిన డబ్బు ఇవ్వడం లేదని, ఇప్పించకపోతే రోగుల రికార్డులు ఇంటర్నెట్‌లో పెడతానని రాసింది, నమూనాగా కొన్ని రికార్డులు జతచేసింది. ఆసుపత్రివాళ్లు నిర్ఘాంతపోయారు. తమ రికార్డులు పాకిస్తాన్ పోతున్నాయన్న సంగతే వాళ్లకు తెలియదు. ఆసుపత్రి ఒక కాంట్రాక్టర్‌కు ఇచ్చింది, అతను ఇంకొకరికి, వాళ్లు మరొకరికి, చివరికి కరాచీకి. రోగుల రహస్యాలను బయటపెడతాననడం ముమ్మాటికీ తప్పు. కానీ పని చేసిన చేతికీ డబ్బిచ్చే చేతికీ మధ్య ఎన్ని చేతులున్నాయో ఆ రోజు లోకానికి తెలిసింది.

అందుకే చెబుతున్నాం, మీరు ఆ గొలుసులో ఎన్నో లింకు అనేది మీ జీతాన్ని నిర్ణయిస్తుంది. ఆసుపత్రితో నేరుగా ఒప్పందం ఉన్న కంపెనీలో చేసినవాళ్లకు పీఎఫ్, ఈఎస్‌ఐ, క్యాబ్ ఉండేవి. మూడో చేతి, నాలుగో చేతి సెంటర్లలో చేసినవాళ్లకు నెలాఖరున ఎదురుచూపులే ఉండేవి.

పని ఎక్కడికి పోయింది?

ఇప్పుడు అసలు విషయానికి వద్దాం. మేం చేసిన పని ఇప్పుడుందా?

మొదటి దెబ్బ మిషన్ నుంచి వచ్చింది. డాక్టర్ మాటను కంప్యూటరే విని టైపు చేసే సాఫ్ట్‌వేర్లు వచ్చాయి. మా చేతికి ఖాళీ పేజీకి బదులు మిషన్ రాసిన రిపోర్టు రావడం మొదలైంది. మా పని వింటూ సరిదిద్దడం. పేరు మార్చి "ఎడిటర్" అన్నారు, సంతోషించాం. ఆ నెల జీతం చూసుకుంటే ఎడిటింగ్ లైనుకు ఇచ్చేది టైపింగ్ లైనులో సగం దగ్గరే. మిషన్ చేసిన తప్పులను మేం దిద్దినకొద్దీ మిషన్ తెలివి పెరిగింది. మా కుర్చీ కింద మట్టిని మా చేతులతోనే తవ్వుకున్నామన్నమాట.

రెండో దెబ్బ చట్టం నుంచి వచ్చింది. 2009లో అమెరికా ప్రభుత్వం హైటెక్ చట్టం తెచ్చి, ఆసుపత్రులు కాగితాలు వదిలి ఎలక్ట్రానిక్ రికార్డులకు మారితే డబ్బిస్తానంది. డాక్టర్లు డిక్టేషన్ మాని కంప్యూటర్‌లో గళ్లు నింపడం మొదలుపెట్టారు. డిక్టేషన్ తగ్గింది, ఫైళ్లు తగ్గాయి.

పెద్ద కంపెనీలే తట్టుకోలేకపోయాయి. మన దేశంలో వేలమందికి పనిచ్చిన సీబే సంస్థ 2008లో మెడ్‌క్విస్ట్ అనే పెద్ద అమెరికా కంపెనీని చేతిలోకి తీసుకుంది. అదే తర్వాత ఎంమోడల్ అని పేరు మార్చుకుంది. 2014లో అప్పుల భారంతో దివాలా రక్షణ కోరింది. 2019లో దాని సాఫ్ట్‌వేర్ భాగాన్ని త్రీఎం కంపెనీ కొనుక్కుంది. గమనించండి, కొన్నది సాఫ్ట్‌వేర్‌ను. మనుషులు చేసే ట్రాన్స్‌క్రిప్షన్ భాగం విడిగా వేరే పేరుతో మిగిలింది. 2022లో మైక్రోసాఫ్ట్ దాదాపు రెండు వేల కోట్ల డాలర్లు పోసి న్యూయాన్స్ అనే వాయిస్ సాఫ్ట్‌వేర్ కంపెనీని సొంతం చేసుకుంది. ఇప్పుడు డాక్టర్ ప్రత్యేకంగా డిక్టేషన్ చెప్పక్కర్లేదు. రోగితో మాట్లాడుతుంటే ఆ సంభాషణే విని రిపోర్టు తయారుచేసే ఏఐ వచ్చేసింది. డబ్బున్నవాళ్లు ఎక్కడ పెట్టుబడి పెడుతున్నారో చూస్తే పని ఎటు పోతోందో తెలుస్తుంది. అమెరికా కార్మిక శాఖ లెక్కలు కూడా అక్కడ ఈ ఉద్యోగాలు రానున్న ఏళ్లలో తగ్గుతాయనే అంచనా వేస్తున్నాయి.

అయితే మిషన్ తప్పులు చేయదా? చేస్తుంది. ఓపెన్‌ఏఐ వారి విస్పర్ అనే సాఫ్ట్‌వేర్ మీద 2024లో వెలువడిన ఒక పరిశోధనలో, వంద ఆడియో ముక్కల్లో దాదాపు ఒకదానిలో ఎవరూ అనని మాటలను అది కల్పించి రాసినట్టు తేలింది. మనం ఖాళీ వదిలేసే చోట అది కథ అల్లింది. కాబట్టి సరిచూసే మనిషి అవసరం ఇంకా ఉంది. కానీ వందమంది టైపు చేసిన చోట సరిచూడడానికి వందమంది అక్కర్లేదు. ఆ కొద్దిమందిలో కూడా ఏళ్ల అనుభవం ఉన్నవాళ్లే ముందు నిలబడతారు. ఆరు నెలల సర్టిఫికెట్ పట్టుకుని కొత్తగా వెళ్లినవాళ్లు వరుస చివర నిలబడాలి.

అందుకే టైపు ఇన్‌స్టిట్యూట్ సంగతి గుర్తుంచుకోమన్నాం. పని పోయాక కూడా బోర్డు వేలాడుతూనే ఉంటుంది.

నాలుగు ప్రశ్నలు

అలాగని మేం "ఈ దారి వంక చూడొద్దు" అని శాపనార్థాలు పెట్టడానికి రాలేదు. ఎవరైనా డబ్బు అడిగితే నాలుగు ప్రశ్నలు వేయండి.

మొదటిది: డబ్బు ఎటు నుంచి ఎటు వస్తోంది? ఉద్యోగం అంటే కంపెనీ మనకు డబ్బివ్వడం. మనమే కంపెనీకి డిపాజిట్, రిజిస్ట్రేషన్, సాఫ్ట్‌వేర్ ఫీజు అని కడుతుంటే అది ఉద్యోగం కాదు, వాళ్ల వ్యాపారంలో మనం సరుకు. ఇంటి నుంచి పని అంటూ ఫోన్‌లో వచ్చే మోసాల్లో ఇదే తంతు. ముందు ఫీజు తీసుకుంటారు, పని ఇస్తారు, చివర్లో "నీ పనిలో తప్పులున్నాయి, ఒప్పందం ఉల్లంఘించావు" అని వకీలు నోటీసు పేరుతో బెదిరించి ఇంకా గుంజుతారు. అలాంటి నోటీసు వస్తే భయపడి డబ్బు కట్టకండి. 1930కి ఫోన్ చేయండి. సైబర్ మోసాలకు దేశమంతటికీ ఉన్న నంబర్ అది. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టకండి.

రెండోది: గత రెండు బ్యాచ్‌లలో చదివినవాళ్లు ఇప్పుడు ఎక్కడున్నారు? పేర్లు అడగండి. గోడ మీద ఫొటోలు కాదు, వాళ్లతో ఫోన్‌లో మాట్లాడించమనండి. "నూటికి నూరు శాతం ఉద్యోగం" అని కోచింగ్ సెంటర్లు తప్పుడు ప్రకటనలు ఇవ్వకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2024 నవంబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. అయినా ఆ మాట అంటుంటే, కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి. రసీదు, కరపత్రం, వాట్సాప్ మెసేజ్ అన్నీ దాచుకోండి. మోసపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్ ఉంది. జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఐదు లక్షల లోపు విషయమైతే ఫిర్యాదుకు ఫీజు కూడా లేదు. ఆనాడు మాకు ఇవేవీ తెలియవు. రసీదులు చించి పారేసి, తలదించుకుని ఇంటికొచ్చాం. మీరు అలా రాకండి.

మూడోది: నాకు ఈ పని పడుతుందా? దీనికి నలభై వేలు అక్కర్లేదు. ఫోన్‌లో ఏదైనా మెడికల్ కాలేజీ ఇంగ్లిష్ పాఠం పది నిమిషాలు పెట్టుకోండి. వింటూ, ఆపుతూ, ఒక్క మాట పోకుండా టైపు చేయండి. వారం రోజులు రోజూ రెండు గంటలు చేయండి. ఎనిమిదో రోజు మీకే తెలుస్తుంది. విసుగొస్తే మీ నలభై వేలు మిగిలినట్టే. ఆసక్తి పెరిగితే అప్పుడు తర్వాతి మెట్టు ఆలోచించండి.

నాలుగోది, అన్నిటికంటే పెద్దది: ఈ పని పోతే నా చేతిలో ఏం మిగులుతుంది? మాలో నిలదొక్కుకున్నవాళ్లు, మునిగిపోయినవాళ్ల మధ్య తేడా ఇదొక్కటే. టైపింగ్ స్పీడ్‌నే నమ్ముకున్నవాళ్లు ఫైళ్లతోపాటే పోయారు. ఫైలులో ఉన్న వైద్యాన్ని, భాషను నేర్చుకున్నవాళ్లు పక్క గట్టుకు దూకగలిగారు. ఒకరు మెడికల్ కోడింగ్‌కు మారారు. రోగానికీ చికిత్సకూ అంకెల సంకేతాలు వేసే పని అది. 2015 అక్టోబర్ 1న అమెరికా ఐసీడీ-10 సంకేతాలకు మారినప్పుడు ఆ పనికి గిరాకీ పెరిగింది. బీఫార్మసీ, నర్సింగ్, లైఫ్ సైన్సెస్ చదివినవాళ్లు మీలో ఉంటే ట్రాన్స్‌క్రిప్షన్ కంటే దాని గురించి ముందు విచారించండి. అయితే అక్కడా ఏఐ అడుగుపెట్టింది, కాబట్టి ఈ నాలుగు ప్రశ్నలే అక్కడా వేయండి. ఇంకొకరు గుంటూరులో ఒక ఆసుపత్రి రికార్డుల విభాగంలో చేరారు. 2007లో ఆరోగ్యశ్రీ మొదలైనప్పటి నుంచి ప్రతి కేసుకూ కాగితాలు సరిగ్గా ఉండాలి, అప్‌లోడ్ చేయాలి, అడిగినదానికి జవాబివ్వాలి. డిశ్చార్జ్ సమ్మరీ చదివి అర్థం చేసుకునే మనిషి అక్కడ కావాలి. జీతం డాలర్లలో రాదు. కానీ పగలు పని, రాత్రి నిద్ర, ఇంటి అన్నం.

ఇంకో మాట కూడా ఆలోచించండి. ఇన్నేళ్లు మన చెవులు అమెరికా రోగి బాధ విన్నాయి. రేపల్లె పెద్దాసుపత్రిలో ఒక ముసలమ్మ "గుండెలో దడ, అరికాళ్లలో తిమ్మిరి, కడుపులో కెలుకుతున్నట్టుంది" అని చెబితే, డాక్టర్ రెండు ఇంగ్లిష్ ముక్కలు గీకి పంపేస్తాడు. మన భాషలో మన రోగి చెప్పిన బాధను సరిగ్గా రికార్డు చేసే పని ఎవరూ మొదలుపెట్టనట్టే ఉంది. ఆ ముసలమ్మ మాట మిషన్‌కు అర్థం కావాలన్నా ముందు దాన్ని విని, సరిగ్గా రాసే తెలుగు చెవి కావాలి. ఇది ఇప్పటికిప్పుడు ఉద్యోగమని మేం ఆశ పెట్టం. మన ప్రభుత్వాలను అడగాల్సిన విషయమని మాత్రం చెబుతున్నాం. ఉద్యోగం అంటే ఎప్పుడూ రాత్రి రైలెక్కడమే ఎందుకవ్వాలి?

అమ్మకు జవాబు

ఇందాకటి తల్లి ఎక్కడ కూర్చున్నారు? అమ్మా, మా జవాబు ఇది. ఆ నలభై వేలు ఇప్పుడు కట్టొద్దు. ట్రాన్స్‌క్రిప్షన్ ఒక్కటే నమ్ముకుని కొత్తగా ఈ రంగంలోకి దిగే రోజులు దాటిపోయాయి. అమ్మాయిని వారం రోజులు ఇంట్లోనే మేం చెప్పినట్టు విని రాయమనండి. నచ్చితే, వైద్యభాష నేర్పే చదువు ఏదైనా, ట్రాన్స్‌క్రిప్షన్ ఒక భాగంగా ఉండి దాని అవతల కూడా దారి చూపే చదువు ఏదైనా ఉంటే అప్పుడు ఆలోచించండి. ఆ పిల్లకు ఈ పని రాదని మేం అనడం లేదు. పిల్ల చేతిలో పని ఉండి తీరాలి. కానీ ఆ పని మీద బతుకు నిలబడాలి, మీ చీటీ డబ్బు మీద వాళ్ల వ్యాపారం నిలబడకూడదు.

ఇక్కడ ఒడ్డున పడవలు కనబడుతున్నాయి చూడండి. మన వాడరేవు బెస్తవాళ్లు వల ఎంత మంచిదైనా, ముందు గాలి ఎటుందో, నీటి రంగు ఎలా ఉందో చూడకుండా పడవ దించరు. నిన్న చేపలు పడ్డ చోటే ఇవాళా పడతాయని ఎవడైనా చెప్పి, దారి చూపడానికి ముందే డబ్బడిగితే నవ్వి ఊరుకుంటారు. మనకూ ఆ పాటి లెక్క ఉండాలి.

మేం కట్టిన ఫీజుకు అప్పట్లో దక్కింది తాళం వేసిన షట్టరే. దాని మీద మీరు మళ్లీ ఫీజు కట్టనక్కర్లేదు. మా అనుభవం ఉచితం. తీసుకెళ్లండి, మీ ఊళ్లో ఇంకో నలుగురికి చెప్పండి.

సెలవు.